కనపడని ఎరుపు

రావల్కోల్‌లో చిన్నప్పుడు బాలేష్‌ను అందరూ పిరికివాడనుకునేవారు. పొద్దు గూకితే చాలు, తోటి పిల్లలు వాడకట్టంతా ఉరుకులాడుతుంటే వీడొక్కడే అరుగు మీద గోడకు వీపానించి కూర్చునేవాడు. ఎవరు పిలిచినా కదిలేవాడు కాదు. నిజానికి వాడికి భయమేమీ లేదు. సందె చీకటి పడిందంటే మనుషుల ఆకారాలు కరిగిపోయి వట్టి గొంతులే మిగిలేవి. అందరికీ అంతేననుకున్నాడు చాలాకాలం. వెన్నెల్లో దాగుడుమూతలు ఆడేవాళ్లు ఒకరినొకరు ఎలా పట్టుకుంటారో మాత్రం వాడికి అంతుపట్టేది కాదు.

తండ్రి సిద్దయ్య కూరగాయల సేద్యం చేసేవాడు. ఒక సాయంత్రం కొడుకు కొట్టంలోకి పోతూ పోతూ పశువుల తొట్టికి తగిలి బోర్లా పడితే అప్పుడు అర్థమైంది ఆయనకు.

"రేచీకటి వీనికి. కార్జం తినిపియ్యుండ్రి, అదే పోతది" అన్నాడు.

అప్పటినుంచి ఆదివారం వస్తే మేడ్చల్ నుంచి మేక కార్జం వచ్చేది. తల్లి ముత్తమ్మ నిప్పుల మీద కాల్చి, ఉప్పద్ది, దగ్గర కూర్చోబెట్టుకుని తినిపించేది. తర్వాత దీపం దూరంగా జరిపి, చీకట్లో వేళ్లు చూపించి, "కనపడ్తాందా కొడుకా?" అని అడిగేది. "కనపడ్తాంది" అనేవాడు. అమ్మ మొఖం తెలియకపోయినా ఆమె ఊపిరిలోనే సంతోషం తెలిసేది. కనపడనిదాన్ని కనపడుతోందని చెప్పడం బాలేష్‌కు ఆ పొయ్యి పక్కనే అలవాటైంది.

పగలు మాత్రం వాడి చూపుకు ఏ లోటూ లేదు. చదువు బాగానే వచ్చింది. మేడ్చల్‌లో ఇంటర్ చదివి, టైపు నేర్చి, తొంభైల చివర్లో బస్టాండ్ ఎదురుగా ఎరువుల దుకాణం మీద పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో చేరాడు. ఆ గదికి కిటికీ లేదు. మొదటి రోజు లోపలికి అడుగుపెట్టి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరో కంప్యూటర్ వేశారు. చీకట్లో తెర వెలిగింది. ఆ వెలుగులో అక్షరాలు ఒక్కొక్కటీ చెక్కినట్టు కనిపించాయి. తన వెలుగు తాను తెచ్చుకునే వస్తువు లోకంలో ఒకటుందని తెలిసి బాలేష్‌కు ఆ పూట ఇంటికి పోబుద్ధి కాలేదు.

రెండు వేల ఒకటిలో తుర్కపల్లిలో మందుల మీద పరిశోధన చేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కాగితాల విభాగంలో అసిస్టెంట్. సైంటిస్టులు చేత్తో గీసిచ్చిన బొమ్మల్ని, పట్టికల్ని, పవర్‌పాయింట్‌లో స్లైడ్లుగా మార్చడం అతని పని. పొద్దున కంపెనీ బండి రావల్కోల్ రోడ్డు మీద ఎక్కించుకునేది, సాయంత్రం అక్కడే దింపేది. మరుసటి ఏడు స్రవంతితో పెళ్లయింది. దింపిన చోటి నుంచి ఇల్లు దూరమేమీ కాదు. అయినా చలికాలం పొద్దులు తొందరగా గూకుతాయి గనక స్రవంతి టార్చిలైటు పట్టుకుని వచ్చి నిలబడేది. బండిలోవాళ్లు చూసి, కొత్త పెళ్లాం మొగుడికోసం ఎదురుచూస్తోందని నవ్వేవారు. బాలేష్ కూడా నవ్వేవాడు.

అతని పై అధికారి జయకృష్ణ. గుంటూరు వైపు మనిషి, కౌకూర్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గట్టిగా మాట్లాడడు, ఎవరినీ నొప్పించడు, కాని తన స్లైడు తను అనుకున్నట్టు ఉండకపోతే అన్నం సహించదు ఆయనకు. బాలేష్ పనంటే ఇష్టపడ్డాడు. ముఖ్యంగా బొమ్మ మీద బొమ్మ వేసే పని. ఒక ఫోటో పెట్టి, దాని మీద ఒక గుండ్రమో చతురస్రమో గీసి, రంగు నింపితే కింద ఉన్నదంతా మూసుకుపోతుంది. పాత కంప్యూటర్లలో దాన్ని సగం పలచన చెయ్యడానికి ఒక గడిలో టిక్కు పెట్టేవాళ్లు, అంతకన్నా మరో దారి లేదు. కొత్తది వచ్చాక ఒక చిన్న మీట వచ్చింది. ఆ మీటను మౌసుతో పక్కకు జరిపేకొద్దీ రంగు నీళ్లు కలిపినట్టు పలచబడుతూ, కింద ఉన్న బొమ్మ మెల్లమెల్లగా పైకి తేలుతుంది. పక్కనే అంకె కనిపిస్తుంది. సున్నా అంటే గోడ. నూరంటే గాలి. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం. ఎలుక కాలేయం ఫోటో మీద పుండు ఉన్న మేర పలచని పసుపు పరిచి, దాని కింద కణాలు ఒక్కటి కూడా మాయం కాకుండా చూపించేవాడు బాలేష్. "నీది చెయ్యి కాదయ్యా, కన్ను" అనేవాడు జయకృష్ణ.

ఆ కన్నే మొదట మోసం చేసింది.

రెండు వేల నాలుగు వేసవిలో విదేశాల నుంచి పెద్దలు వచ్చారు. వాళ్లకు చూపించిన స్లైడులో ఒక పట్టిక మీద బాలేష్ నీలం గుండ్రం పెట్టాడు. వాళ్లు వెళ్లాక జయకృష్ణ పిలిచాడు.

"బాలేషూ, ఇదేంటయ్యా? నీ గుండ్రం కింద అంకెలన్నీ మునిగిపోయాయి. వాళ్లలో ఒకాయన అడిగితే నేను కాగితం చూసి చదవాల్సొచ్చింది."

బాలేష్ తెర వైపు చూశాడు. అతనికి ఆ నీలం లేత పొగలా, ఉందో లేదో అన్నట్టుంది. ఇంకా పలచన చేస్తే తనకే కనపడదని అక్కడ ఆపాడు.

"తొందరల చూసుకోలే సార్."

"ఇక నుంచి ట్రాన్స్‌పరెన్సీ ఎనభై దాటించు. రంగు కాస్త తక్కువైనా ఫర్వాలేదు. కిందున్న పేర్లూ అంకెలూ కనపడాలి, అదీ ముఖ్యం."

ఆ సాయంత్రం బాలేష్ ఆ గుండ్రం ముందు చాలాసేపు కూర్చున్నాడు. మీట అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఒకప్పుడు మెట్టు మెట్టుగా కనిపించే తేడా ఇప్పుడు లేదు. ముదురు రంగు ఒకటి, ఏమీ లేకపోవడం ఒకటి. మధ్యలోదంతా పోయింది. మేడ్చల్‌లో కళ్లద్దాల దుకాణానికి పోతే అద్దాలిచ్చారు. అక్షరం పెద్దదైంది గాని రంగు మాత్రం రాలేదు. ఇక ఆ తర్వాత అతను కంటిని నమ్మడం మానేసి అంకెను నమ్మాడు. ఏ బొమ్మయినా, ఏ రంగయినా ఎనభై ఐదు. తెర మీద తనకు ఏమీ కనపడకపోయినా, 'నా కండ్లకు కనపడ్తలేదు గని అందరికీ కనపడ్తది' అని సర్దిచెప్పుకునేవాడు. జయకృష్ణ మళ్లీ ఏమీ అనలేదు. దాంతో అదే సరైన కొలత అనుకున్నాడు.

స్రవంతికి చెప్పలేదు. చెబితే పెద్ద దవాఖానకు పదమంటుంది. అక్కడ ఏం చెబుతారోనని భయం. చూపు లేనివాడికి స్లైడ్ల పని ఎవరిస్తారు?

కంపెనీలో ఈ సంగతి కనిపెట్టింది ఒక్క బాలనర్సమ్మే. తుర్కపల్లి మనిషి. కాంట్రాక్టరు కింద ఊడ్చి, తుడిచే పని. భర్త పోయాడు, తల్లి సత్యమ్మనూ కూతురు బాలమణినీ తనే సాకేది. ఒక సాయంత్రం కరెంటు పోయి, జనరేటరు పట్టుకునేలోపు వరండా అంతా చీకటైంది. మిగిలినవాళ్లు మాట్లాడుకుంటూ నడిచి వెళ్లిపోయారు. బాలేష్ మాత్రం కాలు తీసి కాలు వెయ్యలేక గోడకు అతుక్కుని నిలబడ్డాడు. ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు.

"రేచీకటా తమ్మీ?"

బాలేష్ గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"మా నాయినకు గుడ గిట్లనే ఉండె. ఎవ్వలకు చెప్ప తియ్యి. నా ఎంబడి రా."

ఆ తర్వాత చీకటి పడే రోజుల్లో ఆమె బండి దాకా అతని ముందు నడిచేది. చెయ్యి పట్టుకుంటే నలుగురూ చూస్తారని, బకెట్టు పిడిని కావాలని గలగలలాడిస్తూ పోయేది. ఆ చప్పుడు వెంట బాలేష్ నడిచేవాడు. "అక్కా" అని పిలిచేవాడు. తన సొంత అక్కలతో కూడా అన్ని మాటలు మాట్లాడలేదేమో.

రెండు వేల ఐదులో కంపెనీ వెనకవైపు కొత్త గదులు కట్టింది. అందులో ఒకటి ట్యాంకుల గది. కణాలను గడ్డకట్టించి దాచే నైట్రోజన్ ట్యాంకులు అందులో ఉంటాయి. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ఎక్కువగా లీకైతే గదిలో ఊపిరికి గాలి ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. అందుకే అందులోకి ఒంటరిగా పోకూడదు, ఫ్యాను తిరుగుతోందని చూసుకోకుండా పోకూడదు.

భద్రత చూసే జనార్ధన్, జయకృష్ణ కలిసి భవనం నక్షా ఒకటి కావాలన్నారు. పనివాళ్లకు స్లైడు మీద చూపించాలి, అదే అచ్చువేసి గోడకు అంటించాలి. ఊడ్చే ఆడవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు తక్కువ.

"రంగులు పెడ్దం సార్" అన్నాడు బాలేష్. "పచ్చ ఉన్నకాడికి పోవచ్చు. ఎర్రగున్నకాడికి పోవద్దు. గట్లయితే అందరికీ సమజైతది."

జయకృష్ణకు నచ్చింది. పాత నక్షాలో బాయిలరు గది మీద ఎరుపు ఎప్పటినుంచో గట్టిగా ఉంది. బాలేష్ దాన్ని కదిలించలేదు. కొత్తగా చేర్చిన ట్యాంకుల గది మీద తనే ఒక చతురస్రం గీసి ఎరుపు నింపాడు. గది పేరు మునిగిపోకూడదు కదా. మీట జరిపి అంకె చూశాడు. ఎనభై ఐదు. తెర మీద అతనికి ఆ గది తెల్లగానే కనిపించింది. అది తన కంటి జబ్బే అనుకున్నాడు. జయకృష్ణ కూడా చూశాడు. గది పేరు స్పష్టంగా చదవగలిగాడు, సంతకం పెట్టాడు.

పనివాళ్లను భోజనాల గదిలో కూర్చోబెట్టి చూపించిన రోజు బాలేష్ కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. పగటి వెలుతురు లోపలికి పడుతుండడంతో గోడ మీది బొమ్మ వెలవెలబోతోంది. జనార్ధన్ కర్రతో చూపిస్తూ చెప్పాడు, ఎరుపున్నచోట అడుగుపెడితే ప్రాణానికే ముప్పని. ముందు వరసలో కూర్చున్న బాలనర్సమ్మ కళ్లు చిట్లించి చూసింది.

"ఎర్రది యాడున్నది సారూ? ఒక్కటేనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. జనార్ధన్ వెనక్కి తిరిగి గోడ వైపు సరిగా చూడనైనా చూడకుండా బాయిలరు గది మీద కర్ర పెట్టాడు. "ఇదిగో, ఇంత ఎర్రగా ఉంటే కనపడ్తలేదా?"

"అది కనపడ్తాంది. మల్ల కొత్త గదులల్ల?"

ఆమె జనార్ధన్‌ను చూడలేదు. బాలేష్ వైపు తిరిగి అడిగింది. ఆమెకూ కనపడటం లేదంటే? తెర మీద నిజంగానే లేదా? లేక నక్షా చూడటం అలవాటు లేక అడుగుతోందా? 'సార్, ఒక్కసారి చూడుండ్రి, ఎరుపు పడలేదేమో' అంటే సరిపోయేది. అంటే జయకృష్ణ అడుగుతాడు, నీకు కనపడటం లేదా అని. నలుగురి ముందు. బాలేష్ తల వంచుకుని తర్వాతి స్లైడు నొక్కాడు.

మధ్యాహ్నం ఆమె ఎదురుపడితే చెబుదామనుకున్నాడు, ట్యాంకుల గదికి పోవద్దక్కా అని. ఆ రోజు ఎవరో పని ఇచ్చారు. మరునాడు ఆమె కనపడలేదు. ఆ తర్వాత అతనే మరిచిపోయాడు.

నెల తిరగకముందే జరిగింది. పొద్దున షిఫ్టు మొదలైన కాసేపటికి ట్యాంకుల గది తలుపు తీసి ఉందని, గడప లోపల బకెట్టు పక్కకు ఒరిగి, బాలనర్సమ్మ దాని పక్కనే పడి ఉందని కేకలు విన్నాడు బాలేష్. తలుపుకు తాళం వెయ్యలేదు. ఫ్యాను ముందురోజు నుంచి తిరగక, లీకైన వాయువు లోపలే నిలిచిపోయింది. తలుపు మీద అంటించిన హెచ్చరిక చదవడం ఆమెకు రాదు. మనుషులు బయటికి లాగి, షామీర్‌పేట దాకా తీసుకుపోయారు. అక్కడ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

మరునాడు తనిఖీకి అధికారి వస్తున్నాడన్నారు. జయకృష్ణ పొద్దున్నే బాలేష్ కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేనట్టు ఉంది ఆయన గొంతు.

"ఆ నక్షా తెరువు బాలేషూ. ట్యాంకుల గది మీద ఎరుపు పెంచు. పాతది గోడ మీద నుంచి తీయించాను. కొత్తది అంటించాలి."

బాలేష్ తెరిచాడు. ఆ చతురస్రాన్ని వెతికి పట్టుకుని మీట జరిపాడు.

"ఇప్పుడు కనపడుతుందా సార్?"

"అదేంటయ్యా, నన్నడుగుతావేం? నీకు కనపడటం లేదా?"

బాలేష్ చెయ్యి మౌసు మీద నుంచి తీశాడు.

"లేదు సార్. ముదురుగుంటెనే కనపడ్తది. పలచటివేవి కనపడ్తలేవు నాకు."

"ఎన్నాళ్ల నుంచి?"

"నీలం గుండ్రం కింద అంకెలు మునిగినయని అన్నరు గదా. అప్పటి సంది."

జయకృష్ణ పక్క కుర్చీలో కూలబడ్డాడు. తిడతాడేమోనని బాలేష్ ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను పేరు చదివాను" అన్నాడు చివరికి. "పేరు ఉంది కదా అని సంతకం పెట్టేశాను. ఎరుపు ఉందా లేదా చూడనే లేదు."

ఆయన లేచి, బాలేష్‌ను జరగమని, మౌసు తన చేతిలోకి తీసుకున్నాడు. మీట ఎడమ వైపు జరిపాడు. కొంచెం, ఇంకొంచెం. ఎక్కడో ఒకచోట ఆ గది బాలేష్‌కు కూడా ఎర్రగా కనిపించింది. నెత్తురు మరక బట్టకు పైకి వచ్చినట్టు వచ్చింది. జయకృష్ణ అచ్చు తీయించి తనే స్వయంగా గోడకు అంటించాడు. "ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ. నీ ఉద్యోగం సంగతి తర్వాత ఆలోచిద్దాం" అని మాత్రం అన్నాడు.

అధికారి వచ్చాడు. గోడ మీది నక్షా చూశాడు. పనివాళ్లకు ఎరుపు గురించి చెప్పారా అని అడిగాడు. చెప్పామన్నాడు జనార్ధన్, అందరితో వేలిముద్రలు కూడా వేయించుకున్నామన్నాడు. బాలేష్ అక్కడే ఉన్నాడు. అధికారి అతని వైపు కూడా చూశాడు. బాలేష్ అవునన్నట్టు తల ఊపాడేమో, ఊపలేదేమో, తనకే గుర్తు లేదు. మృతురాలు హెచ్చరికను లెక్కచెయ్యక లోపలికి వెళ్లిందని రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఆ మాట బాలేష్‌ను తినేసింది. లెక్కచెయ్యక. చీకట్లో తనకోసం చప్పుడు చేసుకుంటూ నడిచిన మనిషి, కొత్త గదుల సంగతేంటని అడిగి మరీ తెలుసుకోవాలనుకున్న మనిషి, లెక్కచెయ్యనిదైపోయింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే స్రవంతి నిలదీసింది. అప్పుడు చెప్పాడు. కళ్ల సంగతీ, నక్షా సంగతీ. స్రవంతి గోడకు ఆనుకుని విన్నది.

"ఇన్నొద్దులు నాకు గుడ చెప్పలే" అంది. అన్నం గిన్నె మీద మూత పెట్టి, "పదో దినానికి పోదాం. ఆమె బిడ్డకు చెప్పాలె. మనం చెప్పకుంటే ఎవ్వలు చెప్తరు?" అంది.

పోయారు. తుర్కపల్లిలో రేకుల ఇల్లు. బాలమణికి పందొమ్మిదేళ్లు ఉంటాయి, గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకు నీళ్లిస్తోంది. ముసలి సత్యమ్మ మంచం మీద కూర్చుని ఉంది. బాలేష్ నీళ్ల చెంబు తీసుకోలేదు.

"మీ అమ్మ తప్పు జెయ్యలే బాలమణీ. ఆ నక్షల గదికి ఎర్ర రంగు నేనే పెట్టిన. అది ఎవ్వలకు కనపడలే. ఆమె చచ్చిపోయినంక దిద్దిన్రు."

బాలమణి అర్థం కానట్టు చూసింది. స్రవంతి విడమరిచి చెప్పింది. పిల్ల మొఖం మెల్లగా బిగుసుకుపోయింది.

"ఎర్రది యాడున్నదని అమ్మ అడిగిందంట. ఎంబడి పనిచేసేటోళ్లు చెప్పిన్రు."

"అడిగింది."

"నిన్నే అడిగిందంట."

"నన్నే."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. కండ్లు లేవని తెలిస్తే నౌకరీ పోతదని భయపడ్డ."

మంచం మీద నుంచి సత్యమ్మ మాట్లాడింది. కోపంతో కూడా కాదు. "నీ కండ్ల ముచ్చట నా బిడ్డ నాకు చెప్పింది. పాపం పిల్లగాడు, ఎవ్వలతో అనకని ఒట్టేపిచ్చుకున్నది."

బాలేష్ నేల మీద కూలబడి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. బాలమణి చెంబులో నీళ్లు వాకిట్లో పారబోసి, "ఇగ పోండ్రి" అంది.

మర్నాడే అతను జయకృష్ణకు చెప్పాడు, అధికారి దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెబుతానని. జయకృష్ణ బతిమాలాడు, తనకూ పిల్లలున్నారన్నాడు. బాలేష్ ఆయన మీద కోపగించలేకపోయాడు. ఆ భయం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అయినా స్రవంతి చెయ్యి పట్టుకుని నగరానికి పోయి ఆ ఆఫీసులో చెప్పుకున్నాడు. అధికారి కూర్చోబెట్టి విన్నాడు. చూపు సంగతి నిజమైతే డాక్టరు కాగితం తెమ్మన్నాడు.

కంటి దవాఖానలో మందు చుక్కలు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూశారు. కంటి వెనక పొర ఎండిపోతూ వస్తోందని, పుట్టుకతో వచ్చిందని, చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తుందని, చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడుమ కొంచెం మిగులుతుందని, అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని అన్నారు. మందు లేదన్నారు. పుట్టబోయే పిల్లలకు వస్తుందా అని స్రవంతి అడిగింది. రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. పిల్లల మాట ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఇంట్లో రాలేదు.

ఆ కాగితం పట్టుకుపోయి అధికారికిచ్చారు. కంపెనీ తరఫున ఒక వకీలు వచ్చి దాన్నే చదివాడు. పలచని రంగులు ఇతనికి కనపడవని డాక్టరే రాశారు కదా, మరి ఆ నక్షాలో ఎరుపు లేదని ఇతను ఎలా చెప్పగలడు, ఉండి కూడా ఇతనికి కనపడలేదేమో అన్నాడు. పాత నక్షా ఎక్కడా లేదు. జయకృష్ణ రాలేదు. జనార్ధన్ తనకేమీ గుర్తు లేదన్నాడు. ఆ రోజు స్లైడు ముందు కూర్చున్న ఆడవాళ్లను పిలిపిస్తే వాళ్లు కాంట్రాక్టరు మొఖం చూసి, ఎర్రగానే ఉండెనన్నారు. అధికారి కాగితాలు సర్దుకుంటూ బాలేష్ వైపు జాలిగా చూశాడు. ఆ జాలి మాత్రం బాలేష్‌కు బాగా కనిపించింది.

ఉద్యోగం పోయింది. పొమ్మని ఎవరూ గట్టిగా అనలేదు, బండి రావల్కోల్ రోడ్డు మీద ఆగడం మానేసింది, అంతే. జయకృష్ణ కొన్నాళ్లకు వేరే కంపెనీకి మారిపోయాడని విన్నాడు. స్రవంతి మేడ్చల్‌లో మాత్రలు డబ్బాల్లో సర్దే పనికి కుదిరింది. పొద్దున ఆమె పోయాక బాలేష్ ఇల్లు ఊడ్చి, అన్నం వండి, తండ్రికి తోడుగా వంకాయ మడిలో కలుపు తీసేవాడు. కలుపేదో మొక్కేదో వేళ్లతో తడిమి చూసేవాడు. "నిమ్మళంగ తియ్యి బిడ్డా" అనేవాడు సిద్దయ్య. చిన్నప్పుడు కార్జం తినిపించి జబ్బు పోయిందనుకున్నందుకు ముసలాయన లోలోపల కుమిలిపోతున్నాడని బాలేష్‌కు తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

రెండు వేల ఎనిమిదిలో, స్రవంతితో పనిచేసే ఒకామె ద్వారా తెలిసింది, బాలమణి అదే కంపెనీలో తల్లి చేసిన పనికే కుదిరిందని. ఆ పూట బాలేష్‌కు కుదురు లేదు. మరునాడు పొద్దున్నే స్రవంతిని వెంటబెట్టుకుని తుర్కపల్లి పోయాడు. అప్పటికి అతని చూపు నడుమ మాత్రమే మిగిలింది. ఎదుటి మనిషి కళ్లు చూస్తే నోరు కనపడదు, నోరు చూస్తే కళ్లు కనపడవు. సత్యమ్మ అంతకుముందే పోయిందట. బాలమణి పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఉంది.

"లోపలికి రానమ్మా. ఒక్క ముచ్చట చెప్పి పోత" అన్నాడు బాలేష్. గుమ్మం బయటే నిలబడి, తను గీసిన ఆ భవనాన్ని మాటలతో చెప్పడం మొదలుపెట్టాడు. మెయిన్ తలుపు నుంచి వరండా ఎటు తిరుగుతుంది, కుడివైపు ఏ గదులు, వెనక కట్టినవాటిలో ఏది ముందు, ఏది చివర. ట్యాంకుల గది తలుపు ఎలా ఉంటుంది, ఫ్యాను చప్పుడు వినపడకపోతే గడప దాటొద్దు, ఎవరు తుడవమన్నా తుడవొద్దు. రెండుసార్లు చెప్పాడు.

బాలమణి ఆసాంతం విన్నది. ఆమె మొఖంలో ఏముందో అతనికి తెలియలేదు. ఆమె నోటివైపే చూస్తున్నాడు, ఏమంటుందోనని.

"తెలుసు" అంది. "ఇప్పుడు తాళమేస్తున్రు. తాళంచెవి నా తానే ఉంటది."

పని బట్టల సంచి భుజానికి తగిలించుకుని, తలుపుకు గొళ్లెం పెట్టి, వాళ్లను దాటుకుని రోడ్డు వైపు పోయింది. స్రవంతి బాలేష్ మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు అక్కడే నిలబడి, మేడ్చల్ బస్సుకోసం బయల్దేరారు.